పప్పులోకి కాస్త, చారులోకి కాస్త

విజయవాడలోనో, రాజమండ్రిలోనో మధ్యాహ్నం ఒంటిగంట వేళ కాస్త పేరున్న మెస్సులో అరిటాకు ముందు కూర్చోండి. మొదట కందిపొడి, నెయ్యి వస్తాయి. వాటిలోకి అన్నం. తర్వాత పప్పు, పప్పులోకి మళ్ళీ అన్నం. వేపుడుకీ గోంగూర పచ్చడికీ కలిపి ఇంకొంచెం. ఆపైన సాంబారు, చారు, చివరికి పెరుగు. అన్నం బేసిన్ మోసుకు తిరిగే కుర్రాడికి ఈ వరస కంఠతా వచ్చు. ఆకు మీద చోటు ఖాళీ అయ్యే సమయానికి సరిగ్గా పక్కన ప్రత్యక్షమవుతాడు.

"సాంబారులోకి అన్నం వెయ్యమంటారా బాబాయ్?"

"కొంచెం వెయ్యి నాన్నా."

ఆ కొంచెం హస్తం నిండా ఉంటుంది.

చెయ్యి కడుక్కుని బయటికొచ్చిన బాబాయిని ఏం తిన్నారని అడిగితే కూరలన్నీ వరసగా అప్పజెబుతాడు. దొండకాయ వేపుడు కరకరలాడిందంటాడు, గోంగూరలో ఉప్పు ఓ రవ్వ ఎక్కువైందంటాడు. అన్నం ఎంత తిన్నాడో మాత్రం ఆయనకి తెలియదు. మన భోజనంలో ఎవరైనా లెక్కపెట్టేది కూరల్నే. అన్నం ప్రతి వడ్డనలోనూ ఉంటుంది కాబట్టి ఏ వడ్డనలోనూ కనిపించదు.

ఆ లెక్కేదో మనమే కడదాం. వడ్డనకి వంద గ్రాములు, వడ్డనలు ఐదే అనుకున్నా అర కిలో అన్నం. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. అంటే ఆ పూటకి 140 గ్రాములు. అందులో దాదాపు అంతా గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరాల్సిందే. ఇక రక్తం సంగతి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉందనుకుంటే, పరగడుపున ఆ మొత్తంలో ఉండే గ్లూకోజ్ నాలుగైదు గ్రాములు. ఒక టీ చెంచాడు. చెంచాడు మాత్రమే ఉండాల్సిన చోటి మీదుగా రెండు మూడు గంటల్లో 140 గ్రాములు దాటిపోవాలి. ఆ దాటింపు ఎలా జరుగుతుందో తెలిస్తే, బరువు తగ్గడానికి అన్నం మానాలా వద్దా అన్న ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

నోట్లోనే మొదలు

కూర కలపని అన్నం ముద్దని మింగకుండా ఒక నిమిషం నమిలి చూడండి, నెమ్మదిగా తీపి తగులుతుంది. బియ్యంలో ఉండే స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వేల సంఖ్యలో నిలబడ్డ గొలుసు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ గొలుసుని తుంచడం మొదలుపెడుతుంది. కడుపులోకి వెళ్ళాక అక్కడి ఆమ్లం ధాటికి ఈ ఎంజైమ్ పని ఆగిపోతుంది. అసలు పని చిన్నపేగులో జరుగుతుంది. క్లోమం నుంచి వచ్చే మరో అమైలేజ్ గొలుసుల్ని రెండేసి, మూడేసి అణువుల ముక్కలుగా కోస్తుంది. పేగు గోడకి అంటుకుని ఉన్న ఎంజైములు ఆ ముక్కల్ని విడివిడి గ్లూకోజ్ అణువులుగా విడగొడతాయి. అవి పేగు గోడ దాటి రక్తంలో కలిసి, ముందుగా కాలేయానికి చేరతాయి.

ఇందులో చాలామంది గమనించని ముచ్చట ఒకటుంది. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. అన్నంలోని స్టార్చ్ విడిపోతే వచ్చేది మొత్తం గ్లూకోజే. అందుకే రక్తంలో చక్కెరని పెంచే వేగంలో తెల్లన్నం పంచదారకి ఏమాత్రం తీసిపోదు. ఈ వేగాన్ని కొలవడానికి 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలబద్ద తయారుచేసింది. శుద్ధ గ్లూకోజ్‌కి 100 అని పెట్టుకుంటే మిగతా తిండ్లు ఎంత అన్నది ఆ లెక్క. పంచదారకి 65 దాకా వస్తుంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు 2012లో సోనా మసూరి అన్నానికి కొలిస్తే 72 వచ్చింది. కాఫీలో చక్కెర మానేసి, భోజనంలో మూడోసారి అన్నం పెట్టించుకునేవాళ్ళు ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

రక్తంలో గ్లూకోజ్ పెరగడం మొదలవగానే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదులుతాయి. 1921లో టొరంటోలోనే బాంటింగ్, బెస్ట్ వెలికితీసిన హార్మోన్ ఇది. ఇన్సులిన్ వచ్చి కండరాలకీ కొవ్వు కణాలకీ గ్లూకోజ్‌ని లోపలికి తీసుకోమని చెబుతుంది, కాలేయానికి కొంత దాచిపెట్టమని చెబుతుంది. దాచిపెట్టే రూపం పేరు గ్లైకోజెన్. దీన్ని ఇంట్లో గాదె అనుకోవచ్చు. కాలేయంలోని గాదెలో వంద గ్రాముల దాకా పడుతుంది, కండరాలన్నిటిలో కలిపి నాలుగు వందల గ్రాముల దాకా పడుతుంది. కాలేయం తన గాదెలోది తీసి ఊరందరికీ పెడుతుంది. మనం నిద్రపోతున్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది అదే. కండరం మాత్రం దాచుకున్నది తనకే ఖర్చుపెట్టుకుంటుంది, తిరిగి రక్తంలోకి వదలదు. కాబట్టి కండరం గాదె ఖాళీ కావాలంటే ఆ కండరమే కదలాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్నవాడి గాదె నిన్నటి ధాన్యంతోనే నిండి ఉంటుంది. ఈ పూట వచ్చిన అర కిలో అన్నానికి అందులో చోటెక్కడిది?

మిగిలిన చక్కెరంతా కొవ్వుగా మారి పొట్టకి పడుతుందని మనం వింటుంటాం. సగమే నిజం. గ్లూకోజ్ నుంచి కొత్తగా కొవ్వు తయారుచేసే ఏర్పాటు కాలేయంలో ఉన్న మాట వాస్తవమే. కానీ మామూలు మిశ్రమ భోజనం తినేవాళ్ళలో ఆ దారిన తయారయ్యే కొవ్వు తక్కువ. ఇంతకన్నా పెద్ద పని ఇంకో దారిలో జరుగుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ కొవ్వు కణాలు తమ దగ్గరున్న కొవ్వుని బయటికి వదలవు, ఒళ్ళు ముందు గ్లూకోజ్‌ని ఖర్చుపెడుతుంది. అదే ఆకు మీద నుంచి వచ్చిన నెయ్యీ, వేపుడులో నూనే ఖర్చు కాకుండా నేరుగా నిల్వకి పోతాయి. లావెక్కించింది అన్నమా, నెయ్యా అని తగువు పెట్టుకోవడం అనవసరం. అవి రెండూ ఒకే ముద్దలో కలిసి లోపలికి వెళ్ళాయి. రోజూ అవసరానికి మించి తినేవాళ్ళలో, ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగా వినని స్థితికి వచ్చినవాళ్ళలో మాత్రం కాలేయం సొంతంగా కొవ్వు తయారీ పెంచుతుంది. స్కానింగ్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్' అని కనిపించేవాళ్ళ విషయంలో ఇది పెద్ద సంగతే.

మూడు రోజుల్లో రెండు కిలోలు

అన్నం పూర్తిగా మానేసినవాళ్ళు నాలుగో రోజుకే తూకం చూసుకుని ఎగిరి గంతేస్తారు. రెండు కిలోలు తగ్గింది! తగ్గిన మాట నిజమే, తగ్గింది మాత్రం కొవ్వు కాదు. గ్లైకోజెన్ ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. గాదెలోని అర కిలో ఖర్చయితే దాంతో కిలోన్నర నీళ్ళూ పోతాయి. మొత్తం రెండు కిలోలు. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల దాకా లోటు రావాలి. రెండు కిలోల కొవ్వు మూడు రోజుల్లో పోవాలంటే రోజుకి 5,000 కేలరీలకి పైగా లోటు పడాలి. అంత ఖర్చు మామూలు మనుషులకి ఉండనే ఉండదు. ఇది తిరగేసినా నిజమే. నెల రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకున్న మనిషి ఒక పెళ్ళి భోజనం చేసి మర్నాడు కిలోన్నర పెరిగి కనిపిస్తే, అదంతా కొవ్వేనని దిగులుపడి మొత్తం వదిలేస్తాడు. వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే.

ఈ మొదటి వారం మాయ మీదే పెద్ద పెద్ద ఆహార ఉద్యమాలు నడిచాయి. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే అంత్యక్రియల వ్యాపారి, రొట్టె, పంచదార, బంగాళదుంపలు మానేసి తను బరువు తగ్గిన వైనాన్ని చిన్న పుస్తకంగా వేశాడు. ఇన్సులిన్ బాంటింగ్ వేరు, ఈయన వేరు. 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ పుస్తకం వచ్చింది. తెలుగునాట కొన్నేళ్ళ కిందట కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో ఒక పద్ధతి ఊళ్ళకి ఊళ్ళనే ఊపేసింది. దాంతో నిజంగా బరువు తగ్గినవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. తర్వాత మళ్ళీ పెరిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఆ సంగతి ఫంక్షన్లలో ఎత్తరు.

మరి శాస్త్రం ఏం తేల్చింది? స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టొఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది పాటు చూసింది. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, మరో జట్టు కార్బోహైడ్రేట్లు తగ్గించింది. ఇద్దరికీ చెప్పిన మాట ఒకటి మాత్రం ఉమ్మడి: పంచదార, మైదాలాంటివి తగ్గించండి, కూరగాయలు పెంచండి. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, కార్బోహైడ్రేట్లు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరి ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతుందన్నదాన్ని బట్టి ఎవరికి ఏ పద్ధతి నప్పుతుందో ముందే చెప్పొచ్చనుకున్నారు, అదీ తేలలేదు.

ఇంకో విడ్డూరం. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరీక్షలో టైప్-2 మధుమేహం ఉన్నవాళ్ళకి కొన్ని నెలలు రోజుకి 825 నుంచి 853 కేలరీల షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలోనైతే 86 శాతం మందికి. ఆ షేకుల్లో కేలరీల్లో 59 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే వచ్చాయి! కార్బోహైడ్రేట్ పేరెత్తితే చాలు ఇన్సులిన్ పెరిగి లావెక్కిపోతామనే వాదన ఇక్కడ నిలబడదు. మొత్తం తిండి తగ్గితే కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగింది, దాంతో ఇన్సులిన్ మళ్ళీ పనిచేసింది.

ఇంత చదివాక అన్నం మీద నేరం కొట్టేసినట్టేనా? కాదు. అన్నం తగ్గిస్తే తెలుగువాళ్ళు నిజంగానే బరువు తగ్గుతారు. కాకపోతే దానికి కారణం మంత్రం కాదు, మన పళ్ళెంలో కేలరీల్లో సింహభాగం అక్కడే ఉండటం. దొంగ ఎక్కడున్నాడో అక్కడే కదా వెతకాలి.

బస్తా లెక్క, పప్పు లెక్క

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతా చేసిన ఇండియాబ్ అధ్యయనం ఆహార వివరాలు 2025లో వచ్చాయి. మనవాళ్ళ కేలరీల్లో 62 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే. అదే అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్కల ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు.

ఈ అన్నం మనకి అనాదిగా ఇంత విరివిగా ఉందనుకుంటే పొరపాటు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది గానీ, రాయలసీమలోనూ తెలంగాణ మెట్ట పల్లెల్లోనూ చాలా ఇళ్ళలో రోజువారీ తిండి జొన్నరొట్టె, గటక, రాగి సంగటి. వరి బువ్వ పండక్కి వండేవాళ్ళు, చుట్టం వస్తే వండేవాళ్ళు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చాక పేదింట్లో పొయ్యి మీద ప్రతి పూటా అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని ఈ రోజు మన నడుం చుట్టుకొలతకి బాధ్యుణ్ని చేయడం అన్యాయం. కానీ పొలంలో పదిగంటలు నాట్లేసిన మనిషి గాదె వేరు, ఆఫీసు లిఫ్టులో రెండో అంతస్తుకి వెళ్ళే మనవడి గాదె వేరు. పళ్ళెం మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఇప్పుడు తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకి 200 గ్రాములు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంది. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటొద్దంది. వినడానికి ఇదేదో మామూలుగానే ఉంది. ఇంటి సరుకుల చీటీతో పోల్చినప్పుడే గుండె కలుక్కుమంటుంది. నలుగురున్న ఇంట్లో నెలకి 25 కిలోల బియ్యం బస్తా అయిపోతుంటే మనిషికి రోజుకి 208 గ్రాములు. పర్లేదు, 250 లోపే కదా అనుకుంటాం. ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, అట్లపిండి, గోధుమపిండి, సాయంత్రం టీతో బిస్కెట్లు, ఆదివారం పూరీ... ఇవన్నీ ఇంకా ఆ చీటీలో కింద ఉన్నాయి. అదే చీటీలో కందిపప్పు రెండు కిలోలు. మనిషికి రోజుకి 17 గ్రాములు. గుడ్డూ మాంసం ముట్టని ఇంట్లో మనిషికి 85 గ్రాములు రావాలంటే నెలకి అన్ని పప్పులూ కలిపి పది కిలోలు కొనాలి. పది కిలోల పప్పు కొనే ఇల్లు మీకు తెలిసినవాళ్ళలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

బరువు విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ అంతరమే. పిండి ఎక్కువై, మాంసకృత్తులు తక్కువైన భోజనం కడుపు నింపుతుంది గానీ ఎక్కువసేపు నిలబెట్టదు. 2021లో వచ్చిన ప్రెడిక్ట్ అధ్యయనం 1,070 మందికి ఒంటిమీద సెన్సార్లు పెట్టి చూసింది. తిన్న రెండు మూడు గంటలకి గ్లూకోజ్ మామూలు స్థాయి కన్నా బాగా కిందికి జారినవాళ్ళకి ఆకలి ముందే వేసింది, ఆ రోజు మొత్తం మీద వాళ్ళు మిగతావాళ్ళకన్నా 312 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఒకే తిండి తిన్నా ఈ జారుడు అందరిలోనూ ఒకలా లేదు. మధ్యాహ్నం కడుపారా తిన్న మనిషికి నాలుగింటికల్లా మిరపకాయ బజ్జీల బండి ఎందుకు అంత ముద్దుగా కనిపిస్తుందో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. బండి దగ్గర ఆగకుండా బిస్కెట్ ప్యాకెట్ విప్పినవాళ్ళ సంగతీ అంత మెరుగేం కాదు. అమెరికాలో కెవిన్ హాల్ 2019లో 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టాడు. రెంటిలోనూ వడ్డించిన కార్బోహైడ్రేట్లు, కొవ్వు, చక్కెర సమానమే. ఎంత కావాలంటే అంత తినమంటే ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు రోజుకి 500 కేలరీలు ఎక్కువ లాగించారు.

బియ్యం మారిస్తే సరా?

మన ఇళ్ళలో బరువు తగ్గే కార్యక్రమం మొదలయ్యేది ఒకే ఒక్క మాటతో: రాత్రిపూట చపాతీ.

"అత్తయ్యా, మీకెన్ని చెయ్యను?"

"నాలుగు చాల్లేమ్మా. రాత్రిళ్ళు అన్నం మానేశానుగా."

చపాతీకి 30 గ్రాముల పిండి అనుకుంటే నాలుగింటికి 120 గ్రాములు. కార్బోహైడ్రేట్లు 80 గ్రాముల పైమాటే. మూడు వందల గ్రాముల అన్నం తిన్నా అంతే వస్తాయి. పక్కన బంగాళదుంప కుర్మా ఉంటే దాని లెక్క వేరే. చపాతీలో పీచు కాస్త ఎక్కువ, మాంసకృత్తులు కాస్త ఎక్కువ, అన్నంలా మారు మారు పెట్టుకోం కాబట్టి లెక్క తెలుస్తుంది. అంతవరకు మేలే. ఆ 2025 ఇండియాబ్ ఫలితాల్లోనే ఈ విషయం సూటిగా ఉంది: మొత్తం కార్బోహైడ్రేట్లు తగ్గించకుండా తెల్లన్నం బదులు గోధుమపిండో, చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. కేలరీల్లో 5 శాతాన్ని కార్బోహైడ్రేట్ల నుంచి మాంసకృత్తులకి మార్చినచోట తగ్గింది.

కొర్రలు, సామలు, అరికెల మీద నాకు గౌరవమే. పీచు ఉంది, జొన్నకీ రాగికీ ఈ నేలతో చుట్టరికం ఉంది. అయితే వాటిలోనూ వంద గ్రాములకి అరవై డెబ్భై గ్రాములు కార్బోహైడ్రేట్లే. గింజగా వండుకుని నమిలి తింటే ఒక తీరు, మెత్తగా పిండి పట్టించి జావ కాచుకు తాగితే ఇంకో తీరు. పిండి ఎంత మెత్తనైతే ఎంజైముల పని అంత తేలిక. బెల్లం సంగతి అడక్కండి. బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. రంగు మారింది, రుచి మారింది, ఖనిజాలు పిసరంత కలిశాయి, అంతే.

బియ్యం రకాల్లో తేడా మాత్రం ఉత్తమాట కాదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది. 55, ఆ లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. మంచిదే. బస్తా మీద 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అచ్చేసి అమ్మేవాళ్ళ మాట మాత్రం నమ్మకండి. ఇండెక్స్ చెప్పేది వేగమే, పరిమాణం కాదు. 51 ఉన్న అన్నం రెండింతలు తింటే లాభం ఏముంటుంది?

చద్దన్నం గురించి రెండు మాటలు. వండిన అన్నం చల్లారితే స్టార్చ్‌లో కొంత భాగం అరగని రూపానికి మారుతుంది. 2015లో ఇండోనేషియాలో కొలిస్తే వేడన్నంలో వంద గ్రాములకి 0.64 గ్రాములున్న ఈ అరగని స్టార్చ్, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములైంది. అంటే వంద గ్రాముల అన్నంలో పెరిగింది ఒక్క గ్రాము. పెరుగులో నానేసి ఉల్లిపాయ కొరుక్కుంటూ తినే సుఖం కోసం చద్దన్నం తినండి, బరువు కోసమైతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. గంజి వార్చినా అంతే. పోయే స్టార్చ్ కొంచెమే, దాంతోపాటు బి విటమిన్లు కూడా సింకులోకి పోతాయి.

వీటన్నిటికన్నా పనికొచ్చేది తినే వరస. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో 11 మంది మధుమేహుల మీద ఒక చిన్న పరీక్ష చేశారు. అదే భోజనాన్ని ఒకరోజు రొట్టె ముందు, ఇంకోరోజు కూరగాయలూ మాంసం ముందు తినిపించారు. కూరలు ముందు తిన్నరోజు గంట తర్వాత గ్లూకోజ్ 37 శాతం తక్కువుంది. మన భోజనానికి దీన్ని అతికించడం కష్టమేనని ఒప్పుకోవాలి. గిన్నెడు పప్పు చెంచాతో తినమంటే ఆస్పత్రి తిండిలా మొహం పెడతాం. అయినా బీరకాయ కూర, ఆకుకూర పప్పు, ఉడికిన గుడ్డు, చేపముక్క లాంటివి అన్నం రాకముందే సగం తినేయడం అసాధ్యమేం కాదు. పొద్దున పూటైతే మన దగ్గర పెసరట్టు ఉండనే ఉంది. పెసలతో అట్టు పోసుకున్న బుద్ధిమంతులమే దాని పొట్టలో ఉప్మా కూరిన ఘనులం కూడా.

ఇంట్లో చేసి చూడదగ్గ మార్పు మరొకటి ఉంది: అన్నాన్ని ఒక్కసారే పెట్టుకోవడం. పళ్ళెంలో ఒకపక్క కప్పుడు, అంటే 150 గ్రాములు. అందులోనే పప్పుకీ, చారుకీ, పెరుగుకీ భాగాలు పంచుకోవాలి. మొదటి వారం పెరుగు దగ్గరికి వచ్చేసరికి అన్నం అయిపోతుంది, తప్పదు. ఆ పెరుగుని ఉత్తగా తినడం అలవాటైతే గట్టెక్కినట్టే.

సన్నగా ఉన్నా...

"నేను లావు లేను కదా, నాకెందుకివన్నీ?" అనేవాళ్ళ కోసం ఒక ఫొటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి కొవ్వు పొట్టలో దాచుకునే తీరు మన దక్షిణాసియా వాళ్ళది. అందుకే మనకి బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు. నడుం చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. తూకం మిషన్ కన్నా కుట్టుమిషన్ పక్కన వేలాడే టేపు నయం.

తిన్నాక నడకని గురించి పెద్దలు చెప్పే మాటకి న్యూజిలాండ్‌లో 2016లో రుజువు దొరికింది. మధుమేహులు రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచే బదులు ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిస్తే భోజనానంతర చక్కెర 12 శాతం తగ్గింది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. కదులుతున్న కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండా కూడా గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది కాబట్టి ఈ లాభం.

మందులు వాడేవాళ్ళు మాత్రం ఈ కథనం చదివి రేపే అన్నం మానెయ్యకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు మందు తగ్గించకుండా అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ తరహా మందులు వాడుతూ కార్బోహైడ్రేట్లు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్ ముప్పు ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పప్పు, మాంసం పెంచేముందు డాక్టర్‌ని అడిగి తీరాలి.

మిగతావాళ్ళు వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు బియ్యం పక్కన 25 బదులు 15 రాయండి. కింద కంది, పెసర, శనగ, అలసంద, ఉలవ అన్నీ కలిపి ఎనిమిది కిలోలు రాయండి. కిరాణా కొట్టాయన ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంట్లో ఏమైనా ఫంక్షనా అమ్మా?" అని అడుగుతాడు. చీటీ సరిగ్గానే రాశాం, తూకం వెయ్యమని చెప్పండి.